ఓల్డ్ స్కూల్ ఫాంటసీ ఆర్పీజీల్లో మన టేబుల్‌కి ఏది? ఒకే నేలమాళిగని నాలుగు సిస్టమ్స్‌లో ఆడి చూసుకునే పద్ధతి

ఆర్పీజీ అంటే టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక పాత్ర తీసుకుని, ఒకరు రెఫరీగా నడిపిస్తుంటే డైస్ వేసి ఆడే కథల ఆట, సిస్టమ్ అంటే దాని రూల్స్ పుస్తకం, ఓల్డ్ స్కూల్ అంటే మొదటి రోజుల డంజన్స్ అండ్ డ్రాగన్స్ తరహా. అనంతపురంలో గానీ కర్నూల్లో గానీ కొత్తగా డైస్ పట్టుకున్న గ్యాంగ్ ఏదైనా సరే మొదట అడిగేది ఒకటే, "అన్నా, ఓల్డ్ స్కూల్ ఆడాలనుంది, ఏ సిస్టమ్ తీసుకోవాలి" అని. ఇంగ చూడండి, ఒకడు ఓఎస్ఈ (ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్) అంటాడు, ఇంకొకడు షాడోడార్క్ అంటాడు, మూడోవాడు ఇవేవీ కాదు 1981 నాటి డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకమే అసలైంది అంటాడు, చివరికి నాలుగు పీడీఎఫ్‌లు ఫోన్లో దిగుతాయి, ఒక్కటీ ఆడరు. చదివితే తేలే విషయం కాదప్పా ఇది. చాలావాటిలో బలం, తెలివి లాంటి అవే ఆరు స్టాట్స్, అదే డి20 (ఇరవై ముఖాల డైస్), అదే ఫైటర్, అదే దొంగ ఉన్నట్టు కనిపిస్తాయి. తేడా అంతా ఆడేటప్పుడు బయటపడుతుంది, అది కూడా ఎవడో ఒకడు చచ్చినప్పుడో, దొరికిన సొమ్ము మోసుకుని బయటికి రావాల్సి వచ్చినప్పుడో.

అందుకని నేను చెప్పే పద్ధతి ఏందంటే, మూడంటే మూడు గదులున్న చిన్న నేలమాళిగ ఒకటి రాసుకోండి, దాన్నే ఒక్కో ఆదివారం ఒక్కో సిస్టమ్‌లో ఆడండి. గదులు మార్చొద్దు, శత్రువుల్ని మార్చొద్దు, సొమ్ము కూడా మార్చొద్దు. రూల్స్ ఒక్కటే మారాలి. అప్పుడు ఏ రూల్ మీవాళ్ళతో ఏం చేయిస్తుందో కళ్ళముందే కనిపిస్తుంది.

ముందు రొంత చరిత్ర, ఎందుకంటే ఈ పేర్లన్నీ ఒకదాన్నుంచి ఒకటి పుట్టినవే. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చింది. 1981లో టామ్ మోల్డ్‌వే బేసిక్ పుస్తకాన్ని సర్దాడు, డేవిడ్ కుక్, స్టీవ్ మార్ష్ ఎక్స్‌పర్ట్ పుస్తకం చేశారు, ఈ రెండూ కలిపితే బి/ఎక్స్. ఆ తర్వాత ఎడిషన్ మీద ఎడిషన్ వచ్చి ఆట పెద్దదైపోయింది. 2000లో ఓపెన్ గేమ్ లైసెన్స్ (ఆ రూల్స్‌ని వేరేవాళ్ళు కూడా వాడుకోవచ్చనే అనుమతి) వచ్చాక, ఆ తలుపులోంచి పాత రూల్స్‌ని మళ్ళీ రాసి వదిలేవాళ్ళు మొదలయ్యారు. 2006లో ఓఎస్ఆర్‌ఐసీ, ఆ కాలంలోనే క్రిస్ గోనర్‌మన్ బేసిక్ ఫాంటసీ, 2007లో లాబరింత్ లార్డ్, 2008లో మ్యాట్ ఫించ్ స్వోర్డ్స్ అండ్ విజార్డ్రీ, 2019లో గావిన్ నార్మన్ ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్, అదే అందరూ ఓఎస్ఈ అనేది. ఇంకో పక్క పాత రూల్స్‌ని అట్లే ఉంచకుండా ఆ పద్ధతిని మాత్రం తీసుకుని కొత్తగా రాసినవాళ్ళు ఉన్నారు, బెన్ మిల్టన్ నేవ్, యోఖాయ్ గాల్ కెయిర్న్, కెల్సీ డియోన్ షాడోడార్క్. మీకు తెలియాల్సిన చరిత్ర ఇంతే.

నేను టెస్టుకి పెట్టమనేవి నాలుగు: ఓఎస్ఈ, బేసిక్ ఫాంటసీ, షాడోడార్క్, కెయిర్న్. ఎందుకు ఈ నాలుగంటే, మొదలుపెట్టడానికి పైసా అక్కర్లేదు. బేసిక్ ఫాంటసీ పూర్తి పుస్తకమే ఉచితం, కెయిర్న్ రూల్స్ ఉచితం, ఓఎస్ఈకి బేసిక్ రూల్స్ అని ఉచిత పీడీఎఫ్ ఉంది, షాడోడార్క్‌కి ఉచిత క్విక్‌స్టార్ట్ (మొదలుపెట్టడానికి సరిపోయే చిన్న పుస్తకం) ఉంది. బయటి దేశం నుంచి హార్డ్‌కవర్ తెప్పిస్తే పుస్తకం రేటు కంటే షిప్పింగ్, కస్టమ్సే భయపెడతాయి, అది ఒక సిస్టమ్ ఖాయం చేసుకున్నాక చూసుకోండి. ఇప్పటికి కాలేజీ పక్కన జిరాక్స్ షాపులో రెండు వైపులా ప్రింట్ తీసి స్పైరల్ కొట్టిస్తే చాలు. డైస్ ఒక ఏడు ముక్కల సెట్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఒక్క సెట్‌తో టేబుల్ మొత్తం ఆడొచ్చు, లేదంటే ఫోన్లో యాప్.

ఇంగ నేలమాళిగ. గుత్తి కోట ఎక్కినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మెట్లెక్కేసరికి కాళ్ళు పీక్కుపోతాయి గానీ పైన నిలబడితే ఎన్ని గోడలు, ఎన్ని చీకటి కొట్లు. అట్లాంటి కోట కింద ఒక నేలమాళిగ అనుకోండి, ముట్టడి రోజుల్లో ఎవరో సొమ్ము దాచి పైన బండ పరిచేశారు, ఇదంతా మన కల్పనే. మొదటి గది, తేమ పట్టిన మెట్లు, కింద వసారాలో పాత చాప, చాప కింద పది అడుగుల గొయ్యి. రెండో గదిలో మనకంటే ముందే దిగిన నలుగురు గుప్తనిధుల తవ్వకం బ్యాచ్, తోలు కవచాలు, కత్తులు, గడ్డపారలు, ఒకడికి కాలు విరిగి మూలుగుతుంటాడు. మూడో గదిలో రాతి పెట్టె, అందులో 600 బంగారు నాణేలు, పక్కన ఇద్దరు పట్టుకుంటే గానీ లేవని కంచు విగ్రహం, విగ్రహం కదిపితే వాకిలి మీద బండ దిగుతుంది. ఇంతే. మనూళ్ళలో గుప్తనిధుల కథ వినకుండా పెరిగినవాడు లేడు కాబట్టి సెటప్ చెప్పడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు, డ్రాగన్ గురించి చెప్తే బ్లాంక్‌గా చూసేవాడు కూడా దీనికి ముందుకు జరిగి కూర్చుంటాడు.

క్యారెక్టర్లు చేసేటప్పుడే వాచీ చూసుకోండి. కెయిర్న్‌లో స్ట్రెంత్, డెక్స్, విల్ మూడే స్టాట్స్, ఒక డి6 (ఆరు ముఖాల డైస్) వేస్తే హిట్ ప్రొటెక్షన్, అంటే దెబ్బలు తట్టుకునే లెక్క, సామాను కూడా పుస్తకంలోని పట్టిక చూసి రోల్ చేస్తే వచ్చేస్తుంది, క్లాసులు (ఫైటర్, దొంగ లాంటి వృత్తులు) లేవు, టీ వచ్చేలోపు అయిపోతుంది. ఓఎస్ఈలో స్టాట్స్ త్వరగా పడతాయి గానీ సామాను కొనేటప్పుడు ఆలస్యం, కొత్తవాళ్ళు తాడు కొనాలా నూనె కొనాలా అని అరగంట కొట్టుకుంటారు. బేసిక్ ఫాంటసీలో కూడా అంతే, పైగా అందులో జాతి వేరు క్లాసు వేరు, మరుగుజ్జు దొంగ, ఎల్ఫ్ ఫైటర్ ఇట్ల కలుపుకోవచ్చు, ఓఎస్ఈ బేసిక్‌లో అయితే ఎల్ఫ్ అంటే ఎల్ఫే, అదే క్లాసు. షాడోడార్క్ మధ్యలో ఉంటుంది, 5ఈ (డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్) ఆడినవాడికి అన్నీ తెలిసిన మొహాలే, కాకపోతే టాలెంట్ (క్లాసు ఇచ్చే ప్రత్యేక బలం) మనం ఎంచుకునేది కాదు, 2డి6, అంటే డి6లు రెండు, వేస్తే ఏది పడితే అది. ఈ టైమ్ ఎందుకు ముఖ్యమంటే, ఈ ఆటల్లో మొదటి లెవెల్‌లో చావడం మామూలు విషయం, చచ్చినవాడు ఎంతసేపు గమ్మున కూర్చుని ఫోన్ చూసుకోవాలో ఇదే చెప్తుంది.

మొదటి గదిలో చూడాల్సింది గొయ్యి, కాగడా. ఓఎస్ఈలో గొయ్యి మీద అడుగు పెడితే ఆరింట రెండు వంతులు కూలుతుంది, పది అడుగులకి 1డి6 దెబ్బ. ఇప్పుడు మొదటి లెవెల్ దొంగకి ఉండేది డి4 హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క), ట్రాప్ కనిపెట్టే ఛాన్స్ 10 శాతం. "దొంగ ఉన్నాడు కదా, వాడు చూసుకుంటాడు" అని ముందుకి తోస్తే ఆ దొంగ పని అక్కడికి సరి. చాపని దుడ్డుకర్రతో పొడుస్తాను అని నోటితో చెప్పినవాడికి డైసే అక్కర్లేదు, గొయ్యి కనిపిస్తుంది. ఇది ఓల్డ్ స్కూల్‌కి ప్రాణం, షీట్ మీద ఏముందో కాదు నువ్వేం చేస్తున్నావో చెప్పు అని అడగడం, అందుకే మీ గ్యాంగ్‌లో "పర్సెప్షన్ (గమనించడానికి డైస్) వేయనా" అని పదేపదే అడిగేవాడు ఉంటే వాడు ఈ చాప దగ్గర ఎట్ల మారతాడో గమనించండి.

కాగడా సంగతి. ఓఎస్ఈలో కాలం పది నిమిషాల టర్నులుగా నడుస్తుంది, కాగడా ఆరు టర్నులు, లాంతరు 24 టర్నులు, రెండు టర్నులకొకసారి డి6 వేస్తే 1 పడితే ఏదో ఒకటి వచ్చి తగులుకుంటుంది. కాగితం మీద గీతలు గీసుకుంటూ పోవాలి, రెఫరీకి ఓపిక ఉండాలి, కానీ ఆ గీతలే టేబుల్‌ని తొందరపెడతాయి, "మళ్ళీ వెతుకుతాం" అన్న ప్రతిసారీ ఒక గీత. షాడోడార్క్ ఈ లెక్కంతా తీసేసి కాగడాని నిజం గంట చేసింది, ఫోన్లో టైమర్ పెట్టు, గంట కాగానే చీకటి. వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఆడితే ఇంకా బాగుంటుంది, వాదులాటలు సగానికి తగ్గిపోతాయి ఎందుకంటే వాదిస్తే కాగడానే కాలేది. కానీ మన ఇళ్ళల్లో ఆడేవాళ్ళకి ఒక చిక్కు, మధ్యలో అమ్మ ఉగ్గాణి బజ్జీ ప్లేట్లు తెచ్చి పెడుతుంది, ఒకడికి ఫోన్ వస్తుంది, ఇంకొకడు బండి అడ్డంగా పెట్టాడని కిందికి పోతాడు. తినేటప్పుడు టైమర్ ఆపాలా వద్దా అనేది ఆట మొదలుకాకముందే తేల్చుకోండి. నా మటుకు ఆపకూడదు, బజ్జీ చేతిలో పట్టుకునే ఆడాలి. కెయిర్న్‌లో వెలుగుకి ఇంత లెక్కాచారం లేదు, అందుకే చీకటి భయం అందులో మీరు మాటలతో పుట్టించుకోవాల్సిందే.

రెండో గదిలోకి పోగానే కత్తి తీయకండి. ఓఎస్ఈ, బేసిక్ ఫాంటసీ రెండింట్లోనూ ఎదురుపడ్డవాళ్ళ మూడ్‌కి 2డి6 రియాక్షన్ రోల్ ఉంది. ఓఎస్ఈలో 2 పడితే మీద పడతారు, 3 నుంచి 5 కోపంగా ఉంటారు, 6 నుంచి 8 ఏం చేయాలో తోచక చూస్తారు, 9 నుంచి 11 బేరానికి రెడీ, 12 అయితే చుట్టాల్లాగా. రెండు డైస్ కాబట్టి మధ్యలోవే ఎక్కువ పడతాయి, అంటే ఎక్కువసార్లు మాటలకి చోటుంటుంది. ఆ కాలు విరిగినవాడిని పెట్టింది ఇందుకే. "మీవాడిని పైకి మోసుకుపోతాం, సొమ్ములో సగం" అని బేరం పెట్టే గ్యాంగ్ ఒకటి, నలుగురినీ పొడిచేసే గ్యాంగ్ ఒకటి, మీది ఏదో ఇక్కడ తెలిసిపోతుంది. పల్లెల్లో పెద్దమనుషుల పంచాయితీ చూసినవాడైతే ఈ గదిలోనే గంట గడిపేస్తాడు, గడపనీయండి.

కత్తి తీశారే అనుకోండి. ఓఎస్ఈలో తోలు కవచం ఏసీ (ఆర్మర్ క్లాస్, దెబ్బ తగలాలంటే దాటాల్సిన నంబర్) 12, మొదటి లెవెల్ ఫైటర్‌కి బోనస్ ఏమీ లేకపోతే డి20 మీద 12 గానీ ఆపైన గానీ పడాలి, అంటే నూటికి 45. వందసార్లు కత్తి విసిరితే 55 సార్లు గాలికే పోతుంది. బేసిక్ ఫాంటసీలో తోలు కవచం ఏసీ 13 కానీ ఫైటర్‌కి మొదటి నుంచే +1 ఉంటుంది, తేలేది అదే 45. షాడోడార్క్‌లో అదే 12 ఏసీ మీద ఫైటర్‌కి స్ట్రెంత్ +2, తన ఆయుధం మీద మాస్టరీ +1 ఉంటే 9 పడితే చాలు, నూటికి 60, అందుకే అక్కడ ఫైటర్ కాలర్ ఎగరేసుకుని తిరుగుతాడు. కెయిర్న్‌లో అసలు తగిలిందా లేదా అనే రోలే లేదు. కత్తి తీస్తే తగులుతుంది, డి8 వేసి ఎదుటోడి ఆర్మర్ తీసెయ్, మిగిలింది హిట్ ప్రొటెక్షన్ నుంచి పోతుంది, అది అయిపోతే స్ట్రెంత్ నుంచి, స్ట్రెంత్ తగిలినప్పుడల్లా సేవ్ (తట్టుకునే రోల్) వేయాలి, పోతే కింద పడతావు, గంటలోపు ఎవరూ చూడకపోతే చావు. ఇద్దరు ముగ్గురు ఒకడి మీదే పడితే అందరూ డైస్ వేసి పెద్ద నంబర్ ఒక్కటే తీసుకుంటారు, కాబట్టి గుంపుగా తొక్కేద్దామంటే అంత లాభం లేదు. ఫలితం ఏందంటే కెయిర్న్‌లో పోరాటం రెండు మూడు రౌండ్లలో ముగుస్తుంది, "మిస్, నెక్స్ట్, మిస్, నెక్స్ట్" అనే సోది ఉండదు, కానీ మీ మీదికి వచ్చే దెబ్బ కూడా మిస్ అవ్వదు అనేది కొత్తవాళ్ళకి మొదటి రౌండ్లోనే తెలిసొస్తుంది.

నలుగురిలో ఇద్దరు పడగానే మిగతా ఇద్దరు పారిపోతారా లేదా అనేది మర్చిపోకుండా వేయండి, చాలామంది రెఫరీలు ఇదే వదిలేసి ఆఖరి మనిషి దాకా కొట్టిస్తారు. ఓఎస్ఈలో 2డి6 మొరేల్ (ధైర్యం రోల్), షాడోడార్క్‌లో సగం మంది పోతే డీసీ 15 విజ్డమ్ (డీసీ అంటే రావాల్సిన నంబర్), కెయిర్న్‌లో మొదటివాడు పడ్డప్పుడు ఒకసారి సగం మంది పోయాక ఒకసారి విల్ సేవ్.

మంత్రగాడి దగ్గర తేడా ఇంకా పెద్దది. ఓఎస్ఈ మొదటి లెవెల్ మంత్రగాడికి రోజుకి ఒకటే మంత్రం, అది స్లీప్ అయితే 2డి8 హిట్ డైస్ (శత్రువు బలం కొలిచే లెక్క) మందిని సేవ్ లేకుండా పడుకోబెడుతుంది, మన రెండో గది మొత్తం ఒక్క మాటతో గురకపెడుతుంది, తర్వాత రోజంతా ఆ మనిషి కాగడా పట్టుకునే కూలీ. షాడోడార్క్‌లో మొదటి టియర్ (స్థాయి) మంత్రానికి డి20 వేసి 11 గానీ ఆపైన గానీ రావాలి, వచ్చినంతసేపు మళ్ళీ మళ్ళీ వేసుకోవచ్చు, తప్పితే రెస్ట్ తీసుకునేదాకా ఆ మంత్రం పోయినట్టే. కెయిర్న్‌లో మంత్రం పుస్తకంలో ఉంటుంది, పుస్తకం ఎవడి చేతిలో ఉంటే వాడే మంత్రగాడు, వేసిన ప్రతిసారీ ఫెటీగ్ (అలసట) వచ్చి సంచిలో ఒక స్లాట్ (సామాను పెట్టుకునే గడి) నింపుతుంది. మీ టేబుల్‌లో మంత్రగాడి పిచ్చి ఉన్నవాడు ఉంటే ఓఎస్ఈలో వాడిని కూర్చోబెట్టడం కష్టం, ముందే చెప్తున్నా.

చావు సంగతి ఒక్క మాటలో, ఓఎస్ఈ, బేసిక్ ఫాంటసీల్లో సున్నా అంటే సున్నా, పోయినట్టే. షాడోడార్క్‌లో 1డి4కి కాన్ (ఒంటి గట్టిదనం) బోనస్ కలిపినన్ని రౌండ్లు టైముంటుంది, ఆలోపు ఎవరైనా డీసీ 15 ఇంటెలిజెన్స్‌తో కాపాడాలి, లేదా తనే 20 వేసి లేవాలి. మనోళ్ళు ఆ రెండు మూడు రౌండ్లు చేసే హడావుడి చూడాలి, సినిమా క్లైమాక్స్‌లాగా అరుస్తారు.

ఇప్పుడు మూడో గది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైన గది ఇదే. ఇక్కడ రూల్ మీ గ్యాంగ్ బుద్ధినే మార్చేస్తుంది. ఓఎస్ఈలో బయటికి తెచ్చిన ప్రతి బంగారు నాణేనికి ఒక ఎక్స్‌పీ (లెవెల్ పెరగడానికి కూడబెట్టే పాయింటు), రాక్షసుల్ని చంపితే వచ్చేది చాలా తక్కువ. తొలకరి వాన పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు చేలల్లోకి జనం వజ్రాల కోసం దిగుతారు చూడండి, అక్కడ కొట్లాటకి వచ్చినవాడు ఎవడూ ఉండడు, అందరి కళ్ళూ నేల మీదే. నాణేనికి ఎక్స్‌పీ ఉన్న టేబుల్ అచ్చం అట్లే మారుతుంది. తవ్వకం బ్యాచ్‌తో బేరం పెట్టేది, వెనక దారి వెతికేది, పోరాటం లేకుండా బయటపడేది అంతా దీనివల్లే. బేసిక్ ఫాంటసీలో మామూలుగా ఎక్స్‌పీ రాక్షసుల్ని ఓడిస్తేనే, సొమ్ముకి ఎక్స్‌పీ అనేది ఆప్షనల్ రూల్. ఆ ఒక్క ఆప్షన్ ఆన్ చేసి ఒకసారి, ఆఫ్ చేసి ఒకసారి ఇదే నేలమాళిగ ఆడించండి, రెండో గదిలో కాలు విరిగినవాడి గతి ఏమవుతుందో మీరే చూస్తారు. షాడోడార్క్‌లో కూడా సొమ్ముకే ఎక్స్‌పీ, కానీ నాణేలు లెక్కపెట్టరు, దొరికింది మామూలుదైతే 1, అదిరిపోయేదైతే 3, ఇట్ల, మొదటి లెవెల్ దాటడానికి 10 చాలు. ఓఎస్ఈలో 600 నాణేలు నలుగురు పంచుకుంటే తలా 150, ఫైటర్ రెండో లెవెల్‌కి 2000 కావాలి, దొంగకి 1200, ఇంగ ఎన్ని నేలమాళిగలు దిగాలో లెక్కేసుకోండి. కెయిర్న్‌లో ఎక్స్‌పీ లేదు, లెవెల్స్ లేవు, దెబ్బలు తిన్న గుర్తులు, దొరికిన వస్తువులు, అంతే ఎదుగుదల.

మోత కూడా ఇక్కడే తేలుతుంది. షాడోడార్క్‌లో స్లాట్లు పది, స్ట్రెంత్ పది దాటితే అన్ని, మొదటి వంద నాణేలకి స్లాట్ అక్కర్లేదు, తర్వాత వందకి ఒక స్లాట్, అంటే ఒక్కడే 600 మోస్తే ఐదు స్లాట్లు పోయినట్టే, కాగడాలు పారేయాలా తాడు పారేయాలా? కెయిర్న్‌లో పది స్లాట్లూ నిండితే హిట్ ప్రొటెక్షన్ సున్నాకి పడిపోతుంది, వంద లోపు నాణేల సంచి మాత్రం లెక్కలోకి రాదు. ఓఎస్ఈలో వివరంగా ఆడితే బరువు నాణేల్లోనే లెక్క, 1600 దాటితే కదల్లేరు, కరెక్టే గానీ ఆ కూడికలు చేసేవాడు టేబుల్‌కి ఒకడు కావాలి, మా వైపు అయితే బీకాం చదివేవాడి నెత్తిన పెడతారు. బండ దిగుతుంటే విగ్రహం వదిలేస్తారా పట్టుకుని ఈడుస్తారా అనే సీను ఏ సిస్టమ్‌లో ఎక్కువ గొడవ చేసిందో అది మీకు పనికొచ్చే సిస్టమ్.

డంజన్ క్రాల్ క్లాసిక్స్ ఎందుకు పెట్టలేదని అడుగుతారు. 2012లో వచ్చింది, అందులో ఫన్నెల్ అని ఉంటుంది, ఒక్కొక్కరు ఇద్దరు నుంచి నలుగురు సున్నా లెవెల్ పల్లెటూరి మనుషుల్ని తీసుకుని లోపలికి పోతారు, రైతు, కమ్మరి, కోడిని చంకలో పెట్టుకున్నవాడు, బతికి బయటపడ్డవాడే హీరో. ఒక్క రాత్రి నవ్వుల కోసం దీన్ని మించింది లేదు. కానీ దానికి డి5, డి7, డి14, డి16, డి24, డి30 లాంటి వింత డైస్ కావాలి, పుస్తకం ఇటుకంత, ప్రతి మంత్రానికి ఒక టేబుల్. యాప్‌లో డైస్ వేసుకునే ఓపికుంటే ఆడండి, పోల్చి చూడ్డానికి మొదటిది మాత్రం ఇది వద్దు.

నన్ను అడిగితే, అసలు ఎప్పుడూ ఆడనివాళ్ళు, రెండు గంటలే టైమున్నవాళ్ళు కెయిర్న్‌తో మొదలుపెట్టండి. 5ఈ ఆడి వచ్చినవాళ్ళుంటే షాడోడార్క్, వాళ్ళకి తెలిసిన అడ్వాంటేజ్ రూల్ (డి20 రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం) ఉంది, డీసీలు ఉన్నాయి, ఇల్లు మారినట్టు అనిపించదు. ఏడాది పొడుగునా వారం వారం ఒకే కోట కింద దిగి సొమ్ము తెచ్చుకునే ఓపికున్న గ్యాంగ్‌కి ఓఎస్ఈ, నాకు ఇష్టమైంది కూడా అదే, పేజీ తెరిస్తే కావాల్సింది ఆ పేజీలోనే ఉంటుంది. డబ్బులు పెట్టం, కానీ పెద్ద పుస్తకం, బోలెడన్ని అడ్వెంచర్లు కావాలి అంటే బేసిక్ ఫాంటసీ.

ఒకటి ఎంచుకున్నాక మిగతావి పారేయకండి, ఒకదాని సరుకు ఇంకోదానిలో బాగానే పనిచేస్తుంది. పాత మాడ్యూల్‌లో (రెడీగా రాసిన అడ్వెంచర్ పుస్తకంలో) ఏసీ కిందికి దిగే లెక్కలో, అంటే నంబర్ తగ్గేకొద్దీ కవచం గట్టిదయ్యే లెక్కలో, ఉంటే 19లోంచి తీసేయండి, ఏసీ 7 అంటే 12, అది ఓఎస్ఈకి సరిపోతుంది, బేసిక్ ఫాంటసీకైతే ఇంకొకటి కలిపి 13. ఓఎస్ఈ ఆడుతూ మోత మాత్రం కెయిర్న్ స్లాట్ల పద్ధతిలో పెట్టుకునేవాళ్ళు చాలామంది, లెక్కల బాధ పోతుంది. షాడోడార్క్ గంట కాగడాని దేనికైనా తగిలించొచ్చు. కెయిర్న్ క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌లో ఉంది కాబట్టి ఇంగ్లిష్ రాని తమ్ముళ్ళ కోసం రూల్స్ తెలుగులో రాసి పంచుకోవచ్చు, రాసినవాళ్ళ పేరు వేసి, మీరు రాసిందాన్ని కూడా అదే లైసెన్స్‌లో వదలాలి, అంతే. తర్వాత కొత్త నేలమాళిగ కావాలంటే బెలుం గుహలకి ఒకసారి పోయి రండి, మూడు కిలోమీటర్లకు పైగా పొడుగు, అందులో సగం దాకా జనాన్ని వదులుతారు, ఆ సందుల్లో వంగి నడిచేటప్పుడు యాడ గొయ్యి పెట్టాలి, యాడ కాగడా ఆరిపోవాలి అని నోట్ చేసుకోండి, వచ్చే ఆదివారానికి మ్యాప్ రెడీ.